తక్కువ బడ్జెట్‌లో ఇంటి పీసీ, ఇంటి సర్వర్: భాగాలు ఎంచుకునే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

సొంతంగా కంప్యూటర్ కూర్చుకోవాలనుకునేవాళ్లు దాదాపు అందరూ ప్రాసెసర్ దగ్గరే మొదలుపెడతారు. ఐ5 కొనాలా, రైజెన్ 5 కొనాలా అని వారాల తరబడి వెతుకుతారు. డబ్బులో సింహభాగం అక్కడే పెట్టేసి, మిగిలినదాంట్లో ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంట్ అందించే పెట్టె), హార్డ్ డిస్క్ ఎలాగోలా సరిపెడతారు. బడ్జెట్ తక్కువగా ఉన్నప్పుడు ఇది తలకిందుల పద్ధతి. ప్రాసెసర్ కాస్త నెమ్మదిదైతే పని కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ఎస్ఎంపీఎస్ పాడైతే మాత్రం పక్కనున్న భాగాలను కూడా తీసుకుపోవచ్చు. హార్డ్ డిస్క్ పోతే అందులోని ఫొటోలు మళ్లీ ఏ షాపులోనూ దొరకవు.

అందుకే ప్రతి భాగం దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకుందాం: ఇది పోతే దీనితో పాటు ఇంకేం పోతుంది? ఎక్కువ పోయే చోట ఖర్చు పెట్టాలి. రేపు స్క్రూడ్రైవర్‌తో సులువుగా మార్చుకోగలిగిన చోట తగ్గించుకోవాలి.

1. ముందు పని రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఈ మెషీన్ రోజూ ఏం చేయాలో రాయండి. "అన్నీ చేయాలి" అని రాస్తే లాభం లేదు. బ్రౌజింగ్, డాక్యుమెంట్లు, ఆన్‌లైన్ క్లాసులు అయితే నాలుగు కోర్లు, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ చాలు. గేమ్స్ ఆడాలంటే బడ్జెట్‌లో అతిపెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే వెళ్లాలి. వీడియో ఎడిటింగ్‌కు ఆరు లేదా ఎనిమిది కోర్లు, 32 జీబీ ర్యామ్ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

సర్వర్ అనే మాట వినగానే మనకు పెద్ద మెషీన్ గుర్తొస్తుంది. ఇంట్లో సర్వర్ చేసే పనులు చూస్తే నిజానికి చాలా తేలికవి: ఫైళ్లు దాచడం, ఫోన్లలోని ఫొటోలను బ్యాకప్ చేయడం, జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో సినిమాలు టీవీకి పంపడం, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను హోమ్ అసిస్టెంట్‌తో నడపడం, ప్రకటనలు అడ్డుకోవడం. గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఫైలు కాపీ అయ్యే వేగం సెకనుకు దాదాపు 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఇప్పటి హార్డ్ డిస్క్ ఒక్కటే పెద్ద ఫైళ్లను అంతకంటే వేగంగా చదవగలదు. అంటే ఫైళ్లు దాచుకోవడానికే సర్వర్ అయితే ఖరీదైన ఎన్‌వీఎంఈ (అతి వేగమైన రకం) ఎస్ఎస్‌డీ పెట్టినా, ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పెట్టినా అవతలి వైపు ఏ తేడా కనిపించదు. ఇరుకు దారి కేబుల్ దగ్గర ఉంది.

సర్వర్ విషయంలో ఆ కాగితం మీద ఇంకో లెక్క తప్పకుండా రాయాలి: ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు తింటుంది? ఏడాదికి 8,760 గంటలు. రోజంతా నడిచే మెషీన్‌లో ప్రతి 10 వాట్లకూ ఏడాదికి సుమారు 88 యూనిట్ల కరెంట్ కాలుతుంది. ఖాళీగా 15 వాట్లు తినే మెషీన్‌కూ 65 వాట్లు తినేదానికీ మధ్య తేడా ఏడాదికి 438 యూనిట్లు. మీ యూనిట్ ధరతో గుణించి, ఐదేళ్లకు కలిపి చూడండి. చవగ్గా దొరికిన పాత మెషీన్ అంత చవకేమీ కాదని చాలాసార్లు ఈ ఒక్క లెక్కతోనే తేలిపోతుంది.

2. కొత్తవా, సెకండ్ హ్యాండా?

కొన్ని భాగాలను సెకండ్ హ్యాండ్‌లో కళ్లు మూసుకుని కొనవచ్చు, కొన్నింటి జోలికే పోకూడదు. ప్రాసెసర్ చాలా అరుదుగా చెడిపోతుంది. పిన్నులు వంగకుండా ఉండి, బూట్ అయిందంటే దాదాపు కొత్తదానితో సమానం. ఒక్క మినహాయింపు: ఇంటెల్ 13, 14వ తరాల్లోని ఐ7, ఐ9 లాంటి పెద్ద చిప్‌లు. వాటిలో కొన్ని అధిక వోల్టేజీ వల్ల అస్థిరంగా మారుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనల) అప్‌డేట్లు ఇచ్చింది. అప్‌డేట్ లేకుండా నెలల తరబడి నడిచిన చిప్‌కు అప్పటికే జరిగిన నష్టం ఆ తర్వాత పూడదు. ఎలాగూ అవి మన బడ్జెట్‌లోవి కావు, వదిలేద్దాం.

ర్యామ్, క్యాబినెట్, హీట్ సింక్ సెకండ్ హ్యాండ్‌లో బాగానే ఉంటాయి. మదర్‌బోర్డ్ అయితే ఎదురుగా నడిపి చూపిస్తేనే కొనాలి. గ్రాఫిక్స్ కార్డును అరగంట గేమ్ నడిపి, ఉష్ణోగ్రత చూశాకే తీసుకోవాలి. ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్క్ మాత్రం కొత్తవే కొనండి. నా సలహాల్లో ఏది పక్కన పెట్టినా ఇది మాత్రం పెట్టకండి.

మొత్తం మెషీన్‌నే సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం ఇంకో దారి. ఆఫీసులు మార్చేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి ఇంటి సర్వర్‌కు చక్కగా పనికొస్తాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగంతో పాటు ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ లేదా ఆ తర్వాతివి కావాలి. మీరు లినక్స్ పెట్టబోతుంటే ఈ నియమంతో మీకు పని లేదు కాబట్టి 6, 7 తరాల మెషీన్లు కూడా పనికొస్తాయి. అయినా వీలైతే 8వ తరమే తీసుకోండి. ఐ5లో నాలుగు కోర్లు ఆరైంది ఆ తరంలోనే.

వీటిలో ఒక ఇబ్బంది ఉంది. చాలా మోడళ్లలో ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు, మదర్‌బోర్డ్ ఆకారం కంపెనీ సొంతవి. రేపు ఎస్ఎంపీఎస్ పోతే బయట దొరికే మామూలు ఏటీఎక్స్ (ప్రామాణిక కొలత) రకం సరిపోదు. పుస్తకమంత ఉండే బుల్లి మోడళ్లలో 3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌కు చోటే ఉండదు. రెండు, మూడు డిస్కులు పెట్టాలనుకుంటే టవర్ మోడలే వెతకండి.

కంపెనీలు తీసేసిన ర్యాక్ సర్వర్లు చూస్తే మనసు లాగుతుంది. రెండు ప్రాసెసర్లు, బోలెడు ర్యామ్, చాలా తక్కువ ధర. కానీ రెండు సాకెట్ల పాత మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడే 100 వాట్లు దాటడం మామూలు, అంటే ఏడాదికి 876 యూనిట్లు. వాటిలోని చిన్న ఫ్యాన్లు చేసే రొద పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది. నేర్చుకోవడానికి అప్పుడప్పుడు ఆన్ చేసుకుంటానంటే సరే. రోజంతా నడపడానికి వద్దు.

3. ప్రాసెసర్, మదర్‌బోర్డ్, ర్యామ్: ఈ మూడూ కలిపి ఒకే నిర్ణయం

సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఎంచుకోగానే మూడూ సగం ఖాయమైపోతాయి. అందుకే వీటిని విడివిడిగా కాక ఒక కట్టగా చూడాలి.

ఏఎండీ ఏఎం4 సాకెట్‌లో రైజెన్ 2017లో వచ్చింది. పాతదే అయినా బడ్జెట్ మెషీన్‌కు ఇప్పటికీ గట్టి ఎంపిక. డీడీఆర్4 తరం ర్యామ్ వాడుతుంది, బోర్డులు, చిప్‌లు సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతాయి. ఏఎం5 2022లో వచ్చింది, డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, 2027 దాకానూ ఆ తర్వాత కూడా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 12, 13, 14 తరాలు కూర్చుంటాయి. ఇక్కడ బోర్డును బట్టి డీడీఆర్4 లేదా డీడీఆర్5, రెండింటిలో ఒకటే పనిచేస్తుంది. ఒకే పేరున్న బోర్డు రెండు రకాల్లోనూ ఉంటుంది కాబట్టి పేరు చివర డీ4 అని ఉందో లేదో చూసుకోండి.

కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇంట్లో పాత మెషీన్‌లో డీడీఆర్4 స్టిక్కులు ఉంటే వాటికి సరిపోయే ప్లాట్‌ఫామ్ ఎంచుకోవడం ఇప్పుడు తెలివైన పని. డబ్బు సరిపోతే, నాలుగైదేళ్లకు ప్రాసెసర్ మాత్రమే మార్చుకునే ఆలోచన ఉంటే ఏఎం5. లేదంటే ఏఎం4 లేదా డీడీఆర్4తో ఎల్‌జీఏ1700.

ప్రాసెసర్ పేర్లలో ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. ఇంటెల్ ఐ3-12100లో గ్రాఫిక్స్ ఉంది, ఐ3-12100ఎఫ్‌లో లేదు. అది కొంటే వేరే గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు. ఏఎం4లో రైజెన్ 5 5600కు గ్రాఫిక్స్ లేదు, 5600జికి ఉంది. రైజెన్ 5 5500 మరీ మోసపూరితంగా కనిపించే పేరు. అంకెల్లో 5600కు పక్కింటిలా ఉంటుంది కానీ దాని ఎల్3 క్యాష్ (చిప్ లోపలి వేగవంతమైన మెమరీ) 16 ఎంబీ, అంటే 5600లో ఉన్న 32 ఎంబీలో సగం. పైగా 5600 పీసీఐఈ (కార్డులు, డ్రైవ్‌లు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) 4.0 ఇస్తే, ఇది 3.0 దగ్గరే ఆగిపోతుంది.

ఈ పీసీఐఈ తేడా ఎక్కడ దెబ్బ తీస్తుందో ఒక ఉదాహరణ. రేడియన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకు 16 లేన్ల (డేటా వెళ్లే వరుసల) కనెక్టర్ కనిపించినా లోపల నాలుగు లేన్లే ఉన్నాయి. పీసీఐఈ 4.0 బోర్డులో అది ఎలాగోలా నెట్టుకొస్తుంది. దాన్ని 5500తో పెడితే ఆ నాలుగు లేన్లు 3.0 వేగానికి పడిపోయి, దారి సగమవుతుంది. కార్డు మీద 4 జీబీ మెమరీయే ఉండటంతో, అది నిండగానే డేటా అంతా ఆ ఇరుకు దారిలోనే రావాలి, గేమ్ అక్కడక్కడ ఆగి ఆగి నడుస్తుంది. విడివిడిగా చూస్తే రెండూ చవకైన మంచి బేరాలు. కలిపితే చెడ్డ జోడీ. బడ్జెట్ మెషీన్‌లో జరిగే పొరపాట్లు ఎక్కువగా ఇలాంటివే.

సర్వర్‌కైతే నా ఓటు మూడింటికి. మొదటిది ఇంటెల్ ఎన్100: నాలుగు చిన్న కోర్లు, 6 వాట్ల చిప్, బోర్డుకే అతికించి వస్తుంది. ఫైళ్లు, హోమ్ అసిస్టెంట్, జెల్లీఫిన్‌లకు ఇది చాలు. ర్యామ్‌కు ఒకే ఛానల్ (దారి), పీసీఐఈ లేన్లు తొమ్మిదే, కాబట్టి తర్వాత పెంచుకోవడానికి పెద్దగా చోటుండదు. రెండోది ఐ3-12100: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ కరెంట్, పైగా ఇంటెల్ క్విక్ సింక్. ఒక వీడియోను టీవీకి తగ్గట్టు మార్చి పంపేటప్పుడు క్విక్ సింక్ ఆ భారాన్ని ప్రాసెసర్ కోర్ల మీద పడనివ్వదు. జెల్లీఫిన్‌లో ఈ సౌకర్యం ఉచితం, అలాంటిదే అయిన ప్లెక్స్‌లో ప్లెక్స్ పాస్ కొనాలి. మూడోది ముందు చెప్పిన 8వ తరం ఆఫీసు మెషీన్. రైజెన్‌లే కావాలంటే సర్వర్‌కు జి రకాలు చూడండి. జి లేని చిప్‌లు చాలావరకు లోపల విడి ముక్కలను కలిపి చేసినవి కావడంతో ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని వాట్లు ఎక్కువ తింటాయి.

4. మదర్‌బోర్డ్: మాన్యువల్ చదివాకే కొనండి

ఆకర్షణీయమైన హీట్ సింక్‌లు, లైట్లు చూసి బోర్డు కొనవద్దు. తయారీదారు వెబ్‌సైట్‌లో మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. దించుకుని, స్టోరేజ్ గురించి ఉన్న పేజీ తెరవండి. ఎం.2 అంటే ఎస్ఎస్‌డీని బోర్డుకే గుచ్చే స్లాట్, సాటా అంటే డిస్కులను కేబుల్‌తో కలిపే పోర్టు. చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. "రెండో ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయవు" లాంటి వాక్యాలు అందులోనే ఉంటాయి. ఆరు సాటా పోర్టులున్నాయని కొన్న బోర్డు చేతికొచ్చాక నాలుగే పనిచేయడానికి కారణం ఇదే. అదే పేజీలో ఏ ఎం.2 స్లాట్ ఎన్‌వీఎంఈ తీసుకుంటుంది, ఏది సాటా ఎస్ఎస్‌డీని కూడా తీసుకుంటుందో తెలుస్తుంది. పొడవాటి రెండో పీసీఐఈ స్లాట్‌లో నిజంగా ఎన్ని లేన్లున్నాయో కూడా రాసి ఉంటుంది.

చిప్‌సెట్లలో (బోర్డు మీది పోర్టులు, స్లాట్లను నడిపే చిప్‌లు) ఇంటెల్ హెచ్610, ఏఎండీ ఏ520 అట్టడుగువి. మామూలు ఆఫీసు మెషీన్‌కు చాలు. హెచ్610లో సాధారణంగా రెండు ర్యామ్ స్లాట్లే ఉంటాయి, ర్యామ్ వేగం పెంచుకోవడం కుదరదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టబోతుంటే బీ550, బీ660, బీ760 వైపు కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ప్రాసెసర్ చుట్టూ ఉండే విద్యుత్ సర్క్యూట్‌ను వీఆర్ఎం అంటారు. 65 వాట్ల ప్రాసెసర్‌కు మామూలు వీఆర్ఎం సరిపోతుంది. ఎనిమిది కోర్లు దాటితే దాని మీద హీట్ సింక్ ఉందో లేదో చూడండి.

పాత బోర్డు మీద కొత్త ప్రాసెసర్ పెట్టేటప్పుడు బయాస్ (మెషీన్‌ను మొదట లేపే బోర్డు సాఫ్ట్‌వేర్) వెర్షన్ ముఖ్యం. బీ450 బోర్డుకు 5000 సిరీస్ రైజెన్ సరిపోతుంది కానీ పాత బయాస్ ఉంటే ఆ చిప్‌ను గుర్తించదు, తెర నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్ డ్రైవ్‌తో బయాస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే ఈ టెన్షన్ ఉండదు. లేకపోతే కొనేముందే అప్‌డేట్ చేసి ఇమ్మని అడగండి.

5. ర్యామ్

డెస్క్‌టాప్‌కు 16 జీబీ కనీసం అనుకోండి. ఒకే 16 జీబీ స్టిక్ కంటే 8 జీబీవి రెండు మేలు, ఎందుకంటే రెండు ఛానళ్లూ పనిచేస్తాయి. 5600జి లాంటి వాటిలో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది కాబట్టి ఒక్క స్టిక్ పెడితే గేమ్స్‌లో వేగం దారుణంగా పడిపోతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. తర్వాత బయాస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. చేయకపోతే డబ్బు పోసి కొన్న 3200 స్టిక్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉండవచ్చు.

సర్వర్‌కు ర్యామ్ గురించి భయపెట్టే మాటలు చాలా వినిపిస్తాయి. జడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడాలంటే ఒక్కో టీబీ నిల్వకు ఒక జీబీ ర్యామ్ కావాలన్నది అలాంటిదే. ఇంటి ఫైల్ సర్వర్‌కు ఆ నియమం అవసరం లేదు. ట్రూనాస్ అనే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ కనీసంగా అడిగేది 8 జీబీ. వర్చువల్ మెషీన్లు (ఒకే మెషీన్‌లో నడిచే విడి కంప్యూటర్లు) నడపాలంటే మాత్రం ముందు నిండుకునేది ర్యామే, అప్పుడు 32 జీబీ చూడండి.

తప్పులను సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ మంచిదే, కానీ దానికి తగ్గ బోర్డు, ప్రాసెసర్ రెండూ కావాలి. రైజెన్ 5 5600 ఈసీసీని అంగీకరిస్తుంది, బోర్డు తయారీదారు కూడా ఇచ్చి ఉండాలి. 5600జి లాంటి మామూలు జి చిప్‌ల్లో పనిచేయదు, వాటి ప్రో రకాల్లో పనిచేస్తుంది. డీడీఆర్5లో చిప్ లోపలే ఉండే ఈసీసీ వేరు, అది ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో వచ్చే తప్పులను పట్టుకోదు. అతి చవగ్గా దొరికే "సర్వర్ ర్యామ్" అంటే ఎక్కువగా రిజిస్టర్డ్ రకం. మామూలు బోర్డులో అది బూట్ కూడా కాదు.

6. స్టోరేజ్: ఇక్కడ తొందర వద్దు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎస్ఎస్‌డీ తప్పనిసరి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర, పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ 3,500 దగ్గర, 4.0వి 7,000 దగ్గర ఆగుతాయి. రోజువారీ వాడకంలో హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే తేడా, అక్కడి నుంచి పైకి వెళ్లినప్పుడు కనిపించదు. అందుకే 4.0 వేగం కోసం అదనంగా పెట్టకండి.

పెట్టాల్సింది మెమరీ రకం మీద. టీఎల్‌సీ (ఒక్కో గడిలో మూడు బిట్లు), క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు) రెండింటి మధ్య ధర తేడా కొద్దిగానే ఉంటే టీఎల్‌సీ తీసుకోండి. క్యూఎల్‌సీ డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడు చురుగ్గానే ఉంటుంది. సగం పైగా నిండాక పెద్ద ఫైలు రాస్తే క్యాష్ అయిపోయి, వేగం హార్డ్ డిస్క్ స్థాయికి జారిపోవచ్చు. సొంత డీర్యామ్ (చిన్న, వేగవంతమైన మెమరీ) లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఇంటి మెషీన్‌కు ఫర్వాలేదు, కంప్యూటర్ ర్యామ్‌లో కొంత భాగం అది వాడుకోగలదు. డీర్యామ్ లేని సాటా డ్రైవ్‌కు ఆ వీలు లేదు. మన్నిక గురించి ఎక్కువ ఆందోళన పడకండి: 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కు సాధారణంగా ఇచ్చే హామీ 600 టీబీ రాత. రోజుకు 50 జీబీ రాసినా అది ముగియడానికి ముప్పై ఏళ్లు పైనే పడుతుంది.

హార్డ్ డిస్కుల్లో చూడాల్సింది సీఎంఆరా, ఎస్ఎంఆరా అన్నది. ఇవి డేటా రాసే రెండు పద్ధతులు, సీఎంఆర్‌లో చారలు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో డేటా చారలు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఒక చార మార్చాలంటే పక్కవాటినీ మళ్లీ రాయాలి. సినిమాలు దాచుకునే బయటి డ్రైవ్‌కు ఇది ఫర్వాలేదు. రైడ్‌లో (అనేక డిస్కులను కలిపి వాడే పద్ధతి), ముఖ్యంగా జడ్‌ఎఫ్ఎస్‌లో, పాడైన డిస్క్ స్థానంలో ఎస్ఎంఆర్ డిస్క్ పెడితే పునర్నిర్మాణం రోజుల తరబడి సాగి, మధ్యలో విఫలం కూడా కావచ్చు. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరుసలోని 2 నుంచి 6 టీబీ డ్రైవ్‌లలో కొన్ని ఎస్ఎంఆర్ అని బయటపడింది. అవి నాస్ (నెట్‌వర్క్ నిల్వ పెట్టె) కోసమని అమ్మినవి. ఆ గొడవ తర్వాత సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ పేరుతో విడదీశారు. తయారీదారులు ఇప్పుడు ఏ మోడల్ ఏ రకమో జాబితా ఇస్తున్నారు. మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరాలతో సహా సరిచూసుకోండి.

డబ్బు రెండు డిస్కులకే ఉంటే ఏం చేయాలి? చాలామంది రెండింటినీ సర్వర్‌లో పెట్టి రైడ్ 1 (రెండింటిలోనూ ఒకే డేటా) చేస్తారు. నేనైతే ఒకటి సర్వర్‌లో, రెండోది బయట బ్యాకప్‌గా పెట్టమంటాను. వారానికోసారి కలిపి, కాపీ అయ్యాక విప్పి పక్కన పెట్టండి. రైడ్ కాపాడేది డిస్క్ పాడవడం నుంచి మాత్రమే. పొరపాటున డిలీట్ చేసినా, వైరస్ పడినా, కరెంట్ దెబ్బ తగిలినా రెండు డిస్కుల్లోని డేటా ఒకేసారి పోవచ్చు. ఇంటి ఫొటోల కోసమే ఈ సర్వర్ కడుతున్నారంటే ముందు బ్యాకప్, తర్వాతే రైడ్.

ఒక్కో 3.5 అంగుళాల డిస్క్ తిరుగుతున్నంతసేపూ 5 నుంచి 8 వాట్లు తింటుంది. నాలుగు చిన్న డిస్కుల కంటే రెండు పెద్దవి కరెంట్‌లోనూ, పోర్టుల్లోనూ కలిసొస్తాయి.

7. ఎస్ఎంపీఎస్: లేబుల్ చదవడం నేర్చుకోండి

పెట్టె మీద పెద్దగా రాసిన 500 వాట్లు చూసి ఆగిపోకండి. పక్కన అతికించిన పట్టికలో +12వి అనే గడి వెతకండి. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్క్ మోటార్లు అన్నీ నడిచేది ఈ 12 వోల్టుల మీదే. ఆ గడిలో 30 ఆంపియర్లు అని ఉంటే, 12తో గుణిస్తే 360 వాట్లు. పేరుకు 500 ఉన్నా పనికొచ్చేది 360 అన్నమాట. మంచి 500 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 41 ఆంపియర్లు ఉంటుంది, అంటే 492 వాట్లు. షాపులో నిలబడి అర నిమిషంలో చేయగల పరీక్ష ఇది. 12 వోల్టుల గడి అసలు లేకపోతే దాన్ని అక్కడే వదిలేయండి.

80 ప్లస్ ముద్ర కరెంట్ పొదుపు గురించి చెబుతుంది. గోల్డ్ అంటే 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర 90 శాతం సామర్థ్యం. లోపలి కెపాసిటర్ల నాణ్యత గురించి, రక్షణల గురించి అది ఏమీ చెప్పదు. అందుకే ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్, ఉష్ణోగ్రత రక్షణలు ఉన్నాయని స్పెసిఫికేషన్‌లో విడిగా చూడాలి. ఐదేళ్లు, ఏడేళ్లు వారంటీ ఇచ్చే మోడల్‌కే మొగ్గండి.

ఎన్ని వాట్లు కావాలి? ఉదాహరణకు రైజెన్ 5 5600, 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 ఉన్న మెషీన్ పూర్తి భారం మీద కూడా 300 వాట్ల లోపే ఉంటుంది. దానికి మంచి 450 లేదా 550 వాట్ల యూనిట్ పుష్కలం. సర్వర్‌లో లెక్క కొంచెం వేరు. హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వాట్లు. నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే దాదాపు వంద వాట్లు. దాన్ని కలుపుకున్నా 300 నుంచి 400 వాట్లు చాలు. అంతకంటే పెద్దది కొంటే ఇంకో నష్టం: 20 వాట్లతో ఖాళీగా ఉండే సర్వర్‌కు 550 వాట్ల యూనిట్ పెడితే అది 4 శాతం లోడ్ కూడా కాదు. గోల్డ్ పరీక్ష మొదలయ్యేదే 20 శాతం దగ్గర. అంత తక్కువ లోడ్ దగ్గర ఆ ముద్రకు అర్థం లేదు.

కేబుళ్ల విషయంలో రెండు హెచ్చరికలు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) ఎస్ఎంపీఎస్ కేబుళ్లను మరో మోడల్‌కు ఎప్పుడూ వాడకండి. డిస్క్ వైపు కనెక్టర్ ఒకేలా ఉంటుంది, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. ప్లగ్ సరిగ్గా కూర్చుంటుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లి, దానికి తగిలించిన డిస్కులన్నీ ఒక్కసారిగా కాలిపోవచ్చు. అలాగే మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే చవక అడాప్టర్లలో ప్లాస్టిక్‌ను తీగల చుట్టూ పోతపోసి చేసినవి షార్టై మంట అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని వాడకండి.

బయటి యూఎస్‌బీ డ్రైవ్ కేసు విప్పి తీసిన డిస్క్ కొన్నిసార్లు అసలు తిరగదు. అది పాడైందనుకోకండి. కొత్త సాటా ప్రమాణంలో మూడో పవర్ పిన్‌కు 3.3 వోల్టులు వస్తే డిస్క్ ఆగిపోవాలి. పాత ఎస్ఎంపీఎస్‌లు ఆ పిన్‌కు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. ఆ పిన్ మీద ఇన్సులేషన్ టేప్ ముక్క అతికిస్తే డిస్క్ మామూలుగా లేస్తుంది.

8. గ్రాఫిక్స్ కార్డు

సర్వర్‌కు అక్కర్లేదు. గేమ్స్ కోసం అయితే 8 జీబీ మెమరీ కంటే తక్కువ ఉన్నదాన్ని ఇప్పుడు కొనకండి. ఆర్ఎక్స్ 6600 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే 1080పీ గేమ్స్‌కు ఇప్పటికీ మంచి బేరం. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో 6 జీబీ, 8 జీబీ రెండు రకాలున్నాయి, 6 జీబీది మెమరీలోనే కాదు, వేగంలోనూ తక్కువ. ఇంటెల్ ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీనంతా ఒకేసారి చేరుకునే సౌకర్యం) లేని పాత బోర్డుల్లో బాగా నెమ్మదిస్తాయి, అది బయాస్‌లో ఉందని తేల్చుకున్నాకే వాటి వైపు చూడండి. కొనేముందు కార్డు పొడవు, క్యాబినెట్ లోపలి పొడవు టేపు పెట్టి కొలవండి.

9. క్యాబినెట్, చల్లదనం

ముందు వైపు అద్దం కాక జాలీ ఉన్న క్యాబినెట్, ముందొకటి వెనకొకటి 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్, అంతే. 65 వాట్ల ప్రాసెసర్‌తో పెట్టెలో వచ్చే కూలర్ సరిపోతుంది, శబ్దం ఇబ్బందనిపిస్తే తర్వాత మార్చుకోవచ్చు. డబ్బు తగ్గించుకోవడానికి మొత్తం మెషీన్‌లో ఇదే అనువైన చోటు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు, దానికి తగ్గ క్యాబినెట్ సాధారణంగా ఏటీఎక్స్ కంటే చవక. మినీ ఐటీఎక్స్ చిన్నదే కానీ ధర చిన్నది కాదు.

10. కొనే వరుస, పరీక్షించే వరుస

అన్ని భాగాలనూ దగ్గర దగ్గర తేదీల్లో కొనండి. నెలకొకటి చొప్పున కూడబెడితే, చివరి భాగం వచ్చేసరికి మొదటి భాగం వాపసు గడువు అయిపోతుంది, అది పాడై ఉంటే ఏమీ చేయలేరు.

అన్నీ వచ్చాక క్యాబినెట్‌లో బిగించేయకండి. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, 24 పిన్నులది, 8 పిన్నులది రెండు పవర్ కేబుళ్లు మాత్రమే కలపండి. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అయితే కార్డు కూడా. బయాస్ తెర వస్తే సగం పని అయినట్టే. రాకపోతే ఇప్పుడే కారణం వెతకడం సులువు, క్యాబినెట్‌లో బిగించాక కాదు.

తర్వాత పెన్ డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఒక రాత్రంతా నడపండి. ఎర్రటి గీత ఒక్కటి కనిపించినా ఆ ర్యామ్ వాపసు ఇవ్వాల్సిందే. ఎక్స్ఎంపీ ఆపితే తప్పులు పోయినా సరే, మీరు డబ్బిచ్చింది ఆ వేగానికి. హార్డ్ డిస్కులకు స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే చెప్పే వ్యవస్థ) లాంగ్ టెస్ట్ పెట్టండి, పెద్ద డిస్కులకు చాలా గంటలు పడుతుంది. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో స్మార్ట్ విలువలు చూడవచ్చు. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (అనుమానం ఉన్నవి) రెండూ సున్నా ఉండాలి. కొత్తదని ఇచ్చిన డిస్క్‌లో పవర్ ఆన్ గంటలు వేలల్లో ఉంటే అది కొత్తది కాదు. సీఆర్‌సీ (డేటా బదిలీలో వచ్చే) ఎర్రర్లు పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

సర్వర్‌కైతే ఇంకో మూడు పనులు మిగిలాయి. బయాస్‌లో కరెంట్ పోయి వచ్చాక మెషీన్ తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. డిస్కులేవీ రాతలో లేనప్పుడు ప్లగ్ తీసి మళ్లీ పెట్టి అది నిజంగా లేస్తోందో చూడండి. చిన్న యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబుల్ కలిపి, బ్యాటరీ తగ్గినప్పుడు సర్వర్ పద్ధతిగా ఆగిపోయేలా నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. ఆఖరుగా ప్లగ్ దగ్గర వాట్ మీటర్ పెట్టి, ఏ పనీ లేనప్పుడు అంకె ఎంతుందో చదవండి. అనుకున్నదానికంటే బాగా ఎక్కువుంటే బయాస్‌లో సీ-స్టేట్స్ (ప్రాసెసర్ నిద్ర స్థితులు) ఆఫ్‌లో ఉన్నాయేమో చూడండి. అవి ఆన్‌లోనే ఉంటే అదనపు సాటా కార్డు తీసి మళ్లీ కొలవండి, కొన్ని చవక కంట్రోలర్లు ప్రాసెసర్‌ను గాఢ నిద్రలోకి వెళ్లనివ్వవు.